ట్రూ డిటెక్టివ్ సీజన్ 1: పుస్తకం చదివి మరీ హంతకుణ్ణి తప్పు చెప్పా, ఇలా ఎవరికైనా కథ ముందే దొరికిందా?

రాత్రి_రెండింటికి:

(మొదటి సీజన్ మొత్తం స్పాయిలర్లే, చూడనోళ్ళు ఇక్కడే ఆగిపోండి)

పదేళ్ళు లేటుగా చూశానని తిట్టకండి, 2014లో హెచ్‌బీఓలో ఈ డిటెక్టివ్ షో వచ్చినప్పుడు నేను వేరే గొడవల్లో ఉన్నా. మొన్నీమధ్య మా ఆవిడా నేనూ కలిసి మొదలుపెట్టాం, ఎనిమిదే ఎపిసోడ్లు కదా వారంలో అయిపోతుందిలే అని. రెండో ఎపిసోడ్‌లో చనిపోయిన అమ్మాయి డోరా లాంగ్ డైరీ దొరుకుతుంది, అందులో కార్కోసా అనీ పసుపు రాజు అనీ ఏవేవో ఉంటాయి, ఇంక నా వల్ల కాలేదు, పాజ్ కొట్టి ఫోన్‌లో వెతికితే రాబర్ట్ ఛాంబర్స్ అనే ఆయన 1895లో వేసిన ద కింగ్ ఇన్ యెల్లో అనే కథల పుస్తకంలోంచి వచ్చిందని తెలిసింది. కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, గుటెన్‌బర్గ్ సైట్‌లో ఫ్రీ. ఇంకేముంది, మిగతా ఆరు ఎపిసోడ్లూ పక్కన పెట్టి (మా ఆవిడ మొహం చూడాలి అప్పుడు) నాలుగు రాత్రులు కూర్చుని పుస్తకం చదివా.

పది కథలు. మొదటి నాలుగింట్లోనే ఆ పసుపు రాజు గోల. అదొక నాటకం పేరు, చదివినోడికి పిచ్చెక్కుతుంది, ఆ నాటకం మాత్రం మనకి మొత్తం చూపించడు, అక్కడో ముక్క ఇక్కడో ముక్క. మిగతావి చాలావరకు పారిస్‌లో బొమ్మలు నేర్చుకునే కుర్రాళ్ళ ప్రేమ వ్యవహారాలు, ఎక్కడైనా క్లూ ఉంటుందేమోనని అవి కూడా వదల్లేదు, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

మొదటి కథ చెప్పేవాడు గుర్రం మీంచి పడి తలకి దెబ్బ తగిలినోడు, తనే రాజుని అవుతానని నమ్ముతుంటాడు, వాడి మాట నమ్మకూడదని మనకి మెల్లిగా అర్థమవుతుంది. ఇక్కడ 2012లో ఇద్దరు డిటెక్టివ్‌ల ముందు కూర్చుని బీరు తాగుతూ 1995 కేసు గురించి చెప్తున్నది ఎవరు? అప్పట్లో ఆ కేసు చూసిన డిటెక్టివ్ రస్ట్ కోల్. లేనివి కనిపించేది ఎవరికి? రస్ట్‌కే. కాబట్టి రస్టే హంతకుడు, అయిపోయింది, కేసు క్లోజ్ అని కాగితం మీద గీతలు గీసి మా ఆవిడకి అరగంట క్లాసు పీకా.

తను పుస్తకం ముట్టుకోలేదు. మూడో ఎపిసోడ్ చివర్లో మూతబడ్డ స్కూల్ దగ్గర గడ్డి కోసే మిషన్ మీద ఒకడుంటాడు, రస్ట్ వాడితో రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతాడు, తను బట్టలు మడతపెడుతూ తల కూడా ఎత్తకుండా "కథలో పనిలేనోడితో ఎందుకు మాట్లాడిస్తారు, వీడే" అంది. నేను పడీపడీ నవ్వా. వారం రోజులు అంట్లు తోమాలని పందెం. ఇవాళ నాలుగో రోజు.

సరే అది పోనీ, నా డౌట్ ఏంటంటే, షోల్లో ఇలా పుస్తకాలు పెట్టేది నిజంగా కథ చెప్పడానికా, లేక మాలాంటి వాళ్ళని ఆడించడానికా? పుస్తకం పట్టుకుని ముందే కథ కనిపెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

చాయ్_బిస్కెట్:

వదినగారికి సాష్టాంగ నమస్కారం. రోజూ రాత్రి ఏడున్నర సీరియల్ చూసినోళ్ళకి ఏ హెచ్‌బీఓ వాడూ సరిపోడు అన్నా, పనిమనిషి రెండుసార్లు గుమ్మం దగ్గర నిలబడితే చాలు, ఆస్తి పత్రాలు మాయమయ్యేది ఏ ఎపిసోడ్‌లోనో చెప్పేస్తారు. నువ్వు ముందు గిన్నెలు తోముకో.

ఆదివారం_ఆబిడ్స్:

భయ్యా నువ్వు తప్పు చూసినవ్ అని అనను, తప్పు జాగల చూసినవ్. యాద్ చేస్కో, ఒక చిన్న పిల్లని అడివిల ఎవడో తరిమిండని పాత రిపోర్ట్ ఒకటి ఉంటది, ఆకుపచ్చ చెవుల స్పఘెట్టీ రాక్షసుడు అని చెప్తది ఆ పిల్ల, అందరు పిల్లల మాటలే అని నవ్వి వదిలేస్తరు. ఆఖరి ఎపిసోడ్‌ల రస్ట్ జోడీ డిటెక్టివ్ మార్టీ పాత ఫోటోల ఒక ఇల్లు చూస్తడు, దానికి కొత్తగా ఆకుపచ్చ పెయింట్ ఏసి ఉంటది, అరె పెయింట్ ఏసేటోడి చెవులకు కూడ అంటి ఉంటది గదా అని లైట్ ఎలుగుతది. ఆడికెళ్ళి ఆ ఇంట్ల ఉన్న పెద్దామెని అడుగుడు, పెయింట్ ఏసినోళ్ళు ఎవరని పాత లెక్కలు తీసుడు, తండ్రీకొడుకుల పేరు దొరుకుడు. స్పఘెట్టీ అంటే ఆ గడ్డి కోసేటోడి మొహం మీది మచ్చలు. అయిపాయె. గంతే కథ. నువ్వు నాలుగు రాత్రులు పసుపుపచ్చ రాజు ఎనక తిరిగినవ్, జవాబేమో ఆకుపచ్చ డబ్బాల ఉన్నది.

ఇంకోటి, కార్కోసా అన్న పేరు ఛాంబర్స్‌ది కూడ కాదు. ఆంబ్రోస్ బియర్స్ అని ఇంకో అమెరికనాయన 1886ల ఒక చిన్న కథ రాసిండు, అండ్ల ఒకడు ఏడున్నడో తెల్వకుంట సమాధుల నడుమ తిరుగుతడు, ఆఖరుకు ఒక రాయి మీద తన పేరే కనిపిస్తది. ఛాంబర్స్ ఆ పేరు బదులు తెచ్చుకున్నడు, మన షో రాసిన నిక్ పిజ్జొలాటో ఆయన దగ్గర బదులు తెచ్చుకున్నడు. ఇట్ల చేతులు మారిన పేరు పట్టుకొని హంతకుని అడ్రస్ అడిగితే ఎట్ల దొరుకుతది. పిజ్జొలాటో ఇంతకుముందు కాలేజీల సాహిత్యం పాఠాలు చెప్పినోడే, ఆయనకు ఆ వాసన కావాలె, తాళంచెవి కాదు.

కాని ఒక్క మాట. ఆ బియర్స్ కథ నేను షో అయినంక చదివిన. నాకైతే హంతకుడు కాదు గాని రస్ట్ కనిపించిండు అండ్ల. బతికున్నడో చచ్చిండో తనకే తెల్వనట్టు తిరుగుతుంటడు గదా సీజన్ మొత్తం, ఆఖరుకు హాస్పిటల్ బయట వీల్‌చెయిర్‌ల కూసొని చనిపోయిన బిడ్డ గురించి చెప్తడు సూడు, గా సీన్ నాకు ఆ కథ చదివినంకనే మంచిగ ఎక్కింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కథల సంకలనం దొరికితే తీస్కో, గుటెన్‌బర్గ్‌ల చదివితే ఆ మజా రాదు.

సశేషం:

లాస్ట్ చూడనివాళ్ళు నా పోస్ట్ దాటేయండి, తర్వాత నన్ను అనొద్దు.

ఈ జబ్బు మా బ్యాచ్‌కి మీకంటే చాలా ముందే పట్టిందండీ. 2005లో నేను టెక్సాస్‌లో ఎంఎస్ చేస్తున్నా, బుధవారం రాత్రి ఏబీసీ ఛానల్లో లాస్ట్ (విమానం కూలి ఓ వింత దీవిలో చిక్కుకున్నవాళ్ళ కథ) వస్తుందంటే నలుగురు రూమ్మేట్లం పప్పు కుక్కర్ ముందే దించేసి కూర్చునేవాళ్ళం. రెండో సీజన్ మొదట్లో దీవి కింద ఒక భూగర్భ గదిలో ఉండే డెస్మండ్ అక్కణ్ణుంచి పారిపోతూ సామాను సర్దుకుంటాడు, అందులో ఒక పుస్తకం అలా కనిపించి పోతుంది, ద థర్డ్ పోలీస్‌మన్, ఫ్లాన్ ఓబ్రయన్ అనే ఐరిష్ రచయితది, ఆయన పోయాక 1967లో అచ్చయింది. షో రచయితల్లో ఒకాయన ముందే పేపర్‌ వాళ్ళతో ఇది చదివినోళ్ళకి థియరీలకి బోలెడు మందుగుండు దొరుకుతుందన్నట్టు ఊరించాడు. జనం ఎగబడ్డారు, ఎవరూ పట్టించుకోని ఆ చిన్న పబ్లిషర్ దగ్గర వారాల్లో వేల కాపీలు లేచిపోయాయి. మా రూమ్మేట్ ఒకడు యూనివర్సిటీ లైబ్రరీలో పట్టుకొచ్చాడు, మేం ముగ్గురం వాడి చుట్టూ హరికథకి కూర్చున్నట్టు.

ఆ పుస్తకంలో కథ చెప్పేవాడు చచ్చిపోయాడు, ఆ సంగతి వాడికి చివరిదాకా తెలీదు. భూమి లోపల ఒక చోట ఏవో మిషన్లుంటాయి, పోలీసులు వాటి రీడింగులు తప్పకుండా చూసుకుంటూ ఉండాలి. ఇక్కడ షోలోనేమో 108 నిమిషాలకోసారి బటన్ నొక్కాలి, లేకపోతే ప్రపంచానికి ముప్పు. మావాడు లేచి నిలబడి "అందరూ చచ్చిపోయార్రా, ఆ దీవి నరకమో స్వర్గమో" అని తీర్పు ఇచ్చేశాడు. షో తీసినవాళ్ళు కాదు కాదు అని ఎన్నిసార్లు చెప్పినా వీడు వినడు. 2010 మేలో చివరి ఎపిసోడ్ వచ్చింది. దీవి నిజం, అక్కడ జరిగిందంతా నిజం, కానీ ఆరో సీజన్ అంతా పక్కన ఇంకో జీవితంలా చూపిస్తూ వచ్చింది మాత్రం చచ్చాక అందరూ కలుసుకునే చోటు. అప్పటికి మావాడు బే ఏరియాలో ఉద్యోగం, పెళ్ళి కూడా అయింది, అర్ధరాత్రి ఫోన్ చేసి "నేను ఐదేళ్ళ కిందే చెప్పానా లేదా" అని అరిచాడు. చెప్పాడా? బటన్ సంగతి ఒప్పుకుంటా, పుస్తకంలోంచి దిగినట్టే ఉంది. చావు సంగతి మాత్రం వాడు చెప్పింది దీవి గురించి, నిజమైంది ఇంకోదాని గురించి. తప్పు ప్రశ్నకి రైట్ ఆన్సర్ రాసినట్టు, మార్కులు వేయాలో వద్దో ఇప్పటికీ తేలలేదు మా గ్రూపులో.

మేం తెలుగువాళ్ళం కాబట్టి పడ్డ గోతి ఇంకోటుంది. షోలో సంస్థ పేరు ధర్మ, వీడియోల్లో ఆ డాక్టరు నమస్తే అంటాడు, పైగా ఆ ఫేమస్ నంబర్లు 4, 8, 15, 16, 23, 42 కూడితే 108! ఇంక మమ్మల్ని పట్టుకునేవాడు లేడు. అష్టోత్తరం, జపమాల, కర్మ, పునర్జన్మ, ఒకడైతే వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి గరుడ పురాణం గురించి అడిగాడు, ఆయన చదువు మానేశావా అని తిట్టారు. తీరా చూస్తే ధర్మ అనేది ఒక పొడుగాటి ఇంగ్లిష్ పేరుకి పొట్టి అక్షరాలు, లోగో మీద గీతలు చైనా వాళ్ళ బాగ్వా, అంటే ఎనిమిది గీతల గుర్తులు. మనవి అనిపించినవన్నీ మనకోసం పెట్టినవి కాదని అప్పుడు బుద్ధొచ్చింది.

ఇన్నేళ్ళకి నాకు తేలిందేంటంటే, పుస్తకం కనిపించగానే అందులో ఏముంది అని కాదు, అది ఎవరి చేతిలో ఉంది, వాడికి దానితో ఏం పని అని చూడాలి. దీవిలో చిక్కుకున్న సాయర్ అనేవాడి చేతిలో సీజన్‌కి రెండు మూడు పుస్తకాలు మారుతుంటాయి, వాడికి తోచక చదువుతాడు, ఒకసారైతే ద ఇన్వెన్షన్ ఆఫ్ మోరెల్ చదువుతుంటాడు, దీవి మీద కనిపించే మనుషులంతా రికార్డు చేసిన బొమ్మలని తేలే నవల, దాని మీద కట్టిన థియరీలన్నీ గాలికి పోయాయి. అదే డెస్మండ్ దగ్గర డికెన్స్ నవల అవర్ మ్యూచువల్ ఫ్రెండ్ ఉంటుంది, చావబోయే ముందు చదువుదామని రబ్బరు బ్యాండ్ వేసి దాచుకుంటాడు. ఇంక బతకడం ఎందుకులే అనుకున్న రాత్రి అది తెరిస్తే లోపల వాడు ప్రేమించిన పెనీ రాసిన ఉత్తరం. ఏడ్చాం అందరం, డికెన్స్ కథేంటో మాలో ఒక్కడికి తెలీదు, అయినా ఏడ్చాం.

మేం పట్టుకోవాల్సింది ఒకటి మాత్రం కళ్ళముందే జారిపోయింది. ఆరో సీజన్ మొదటి ఎపిసోడ్, విమానంలో డెస్మండ్ హీరో జాక్ పక్కన కూర్చుని హరూన్ అండ్ ద సీ ఆఫ్ స్టోరీస్ చదువుతుంటాడు, మన సల్మాన్ రష్దీ 1990లో రాసింది. మా నలుగురిలో ఇద్దరం అది చదివాం కూడా! నిజం కాని కథల వల్ల ఏం లాభం అన్న ప్రశ్న చుట్టూ తిరిగే పుస్తకం. ఆ సీజన్ మొత్తం మనల్ని అడుగుతున్నది సరిగ్గా అదే, ఈ పక్క జీవితం నిజమా కాదా, కాకపోతే దానికి విలువ లేదా అని. మేమేమో ఓ ఇండియన్ పుస్తకం చూపించాడ్రా అని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని మురిసిపోయాం.

కృష్ణలంక_కుర్రోడు:

పైన పెద్దాయన చెప్పింది చదివాక నాకొకటి అనిపించింది. మన దగ్గర ఈ ఆట వేరుగా ఉంటుంది కదా. హీరో ఫ్రెండ్ పేరు కర్ణ అని పెట్టారంటే ఇంటర్వెల్‌కి పోతాడు, లేదా విలన్ పక్కన తేలతాడు, హాల్లో పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుసు. చక్రవ్యూహం అన్న మాట డైలాగ్‌లో పడితే ఒక కుర్రాడు లోపలికి వెళ్ళి బయటికి రాడు. ఇక్కడ రిఫరెన్స్ దాచిపెట్టే క్లూ కాదు, ముందే తెలిసి కూడా భయపడుతూ చూడ్డానికి. వాళ్ళేమో 120 ఏళ్ళ కిందటి పుస్తకం తవ్వి తెస్తారు, ఎవడూ చదవలేదు కాబట్టే అందరూ దాని మీద పడతారు.

బయట షోల్లో మన పద్ధతికి దగ్గరగా వచ్చింది జర్మన్ డార్క్. స్కూల్ నాటకంలో మార్తా అరియాడ్నే వేషం వేస్తుంది, గ్రీకు కథలో చిక్కుదారిలోంచి బయటపడ్డానికి దారం ఇచ్చేది ఆ పిల్లే, ఇక్కడ గుహలో కూడా ఎర్ర దారం. జర్మనీలో స్కూలుకెళ్ళినోళ్ళకి అది మనకి అభిమన్యుడిలా ఉంటుందేమో, నాకైతే గూగుల్ చేస్తే గానీ తెలీలేదు.

ఆదివారం_ఆబిడ్స్:

కర్ణ పాయింట్ సూపర్ తమ్మి. కాని దుర్యోధన అని పేరు పెట్టి మంచోణ్ణి చేసినా మనోళ్ళు ఇంటర్వెల్ దాక నమ్మరు, గది కూడ ఒక ట్విస్టే.

రాత్రి_రెండింటికి:

అందరికీ థ్యాంక్స్. ఆకుపచ్చ పెయింట్ సంగతి నేను చూస్తూ కూడా మిస్సయ్యానంటే సిగ్గేస్తోంది, అప్పుడు నేను ఫోన్‌లో నా థియరీకి ఇంకా సాక్ష్యాలు వెతుకుతున్నా. చదివినోడికి పిచ్చెక్కే పుస్తకం అన్నాడు కదా ఛాంబర్స్, నా విషయంలో ఆ ఒక్కటీ కరెక్టే.

సశేషం గారూ, మీరు పైన వార్నింగ్ ఇచ్చారు, నేను చూశా, అయినా మొత్తం చదివేశా, ఇప్పుడు లాస్ట్ ముగింపు నాకు తెలిసిపోయింది. తప్పు నాదే. మా ఆవిడకి మాత్రం చెప్పలేదు, రేపట్నుంచి మొదటి సీజన్ మొదలుపెడుతున్నాం, పందెం ఈసారి రెండు వారాల అంట్లు. ముగింపు తెలిసినోణ్ణి నేను కాబట్టి ధైర్యంగా ఉన్నా. తను ఒకటే షరతు పెట్టింది, ఎవడి చేతిలో పుస్తకం కనిపించినా రిమోట్ తన దగ్గరే ఉండాలట.