రుద్రమదేవి ‘రుద్రదేవ మహారాజు’ అయింది మారువేషం కోసమా, సింహాసనం కోసమా?

ప్రశ్న: వరంగల్ తెలుగు టీచరు

పెద్దలందరికీ నమస్కారం. మా పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలు రుద్రమదేవి మీద అరగంట నాటకం వేస్తున్నారు. రాతప్రతి బాధ్యత నాది. మనమందరం చిన్నప్పటి నుంచి విన్న కథనే నేనూ రాశాను. గణపతిదేవుడు కూతురు పుట్టిన సంగతి దాచిపెట్టి, కొడుకని లోకాన్ని నమ్మించి, మగపిల్లవాడి ఉడుపుల్లో పెంచుతాడు. చాలా ఏళ్ళకు ఆ రహస్యం నిండు సభలో బయటపడుతుంది, సామంతులు భగ్గుమంటారు.

మొన్న రిహార్సల్లో రుద్రమ పాత్ర వేస్తున్న అమ్మాయి తలపాగా చుట్టుకుంటూ చుట్టుకుంటూ ఆగి, “టీచర్, ఆడపిల్ల అని ఎవ్వరికీ తెల్వకపోతే పెండ్లి ఎట్లయింది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. చాళుక్య వీరభద్రునితో ఆమె వివాహం జరిగిందని, కుమార్తెలు ఉన్నారని అదే రాతప్రతిలో రెండు పేజీల తరువాత నేనే రాశాను.

అందుకే అడుగుతున్నాను. ఆమె స్త్రీ అన్న సంగతి నిజంగా రహస్యంగా ఉండేదా? ఉండకపోతే శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అన్న పేరు ఎందుకు కనిపిస్తుంది? రాజ్యమేలిన ఇతర స్త్రీలు కూడా ఇలా పురుష నామాలు ధరించారా? పిల్లల చేత తప్పు పలికించకూడదన్నదే నా తపన.

సమాధానం 1: శాసన పాఠకుడు

అమ్మా, మీ విద్యార్థిని అడగవలసిన ప్రశ్నే అడిగింది. రహస్యం అన్న మాటను మీరు నిస్సంకోచంగా తీసివేయవచ్చు. ఆమె స్త్రీ అని ఇంటివారికీ తెలుసు, శత్రువులకూ తెలుసు, ఓడరేవుకు వచ్చిన పరదేశులకూ తెలుసు.

మొదట ఇంటివారి మాట చూద్దాం. నేటి అమరావతి ప్రాంతంలోని మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉంది. గోళకీ మఠానికి చెందిన శైవాచార్యుడు విశ్వేశ్వర శివునికి గణపతిదేవుడు మందడం గ్రామాన్ని ఇస్తే, ఆయన కుమార్తె రుద్రమ వెలగపూడిని ఇచ్చిందని ఆ శాసనం చెబుతుంది. కుమార్తె అని రాతిమీద చెక్కించి, నలుగురు తిరిగే చోట నిలబెట్టినదాన్ని దాచిన సంగతి అని ఎలా అనగలం? అప్పటికి గణపతిదేవుడు బతికే ఉన్నాడు.

ఇక శత్రువులు. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు కాకతీయ రాజ్యం మీదికి దండెత్తి వచ్చాడు. ఆయన ఆస్థానంలోని హేమాద్రి, తమ రాజు స్త్రీని చంపడం ఇష్టంలేక రుద్రమను విడిచిపెట్టాడని రాశాడు. ఇటు చూస్తే బీదరు కోటలో రుద్రమ సేనాని, సింద వంశీయుడైన భైరవుని శాసనం దొరికింది. దయతలచి వదిలిపెట్టిన రాణి మనిషి యాదవుల గడ్డమీద శాసనం వేయించగలడా అన్నది ఆలోచించవలసిన విషయం. ఓటమిని ఔదార్యంగా చెప్పుకోవడం ఆస్థాన పండితులకు కొత్త కాదు. మీ ప్రశ్నకు కావలసినది మాత్రం ఒక్కటే: పొరుగు రాజ్యపు పండితునికి కూడా ఓరుగల్లును ఏలుతున్నది స్త్రీ అని స్పష్టంగా తెలుసు.

మూడోవాడు మార్కోపోలో. మోటుపల్లి రేవు పేరుతో మన రాజ్యాన్ని ప్రస్తావిస్తూ, దీన్ని ఒక వివేకవతి అయిన రాణి ఏలిందని, ఆమె న్యాయాన్నీ శాంతినీ ప్రేమించేదని, ప్రజలు అంతకుముందరి ఏ ప్రభువునూ అంతగా ప్రేమించలేదని రాశాడు. చనిపోయిన రాజుకు ఆమె భార్య అని పొరబడ్డాడు, నలభై ఏళ్ళు ఏలిందని లెక్క తప్పాడు. అయినా ఏలినది స్త్రీ అన్న విషయంలో పొరబడలేదు.

అయితే పురుష నామం ఎందుకు? విద్యానాథుని ‘ప్రతాపరుద్రీయం’లో దీనికి ఒక ఆధారం ఉంది. గణపతిదేవుడు కూతురికి రుద్రుడన్న పేరు పెట్టి, ఆమెను పుత్రునిగా భావించాడని ఆ కవి చెబుతాడు. కొడుకులు లేని తండ్రి కూతురినే కొడుకు స్థానంలో నిలపడం మన ధర్మశాస్త్రాలకు తెలియని పద్ధతి కాదు. పైగా రుద్రదేవుడన్నది గణపతిదేవుని పెదతండ్రి పేరు, వేయిస్తంభాల గుడి కట్టించిన మహారాజు పేరు. ఆ పేరు పెట్టడం వెనుక మారువేషం లేదు. ఇంటి పెద్ద పేరును, ఆ పేరుతో వచ్చే అధికారాన్ని కూతురికి అప్పగించడం ఉంది. జిల్లాకు కలెక్టరుగా వచ్చినది స్త్రీ అయినా పురుషుడైనా కాగితం మీద ‘కలెక్టరు’ అనే సంతకం చేస్తారు కదా, ‘మహారాజు’ అన్నది కూడా అలాంటి పదవి పేరే.

తలపాగా మీద నాకు పట్టింపు లేదు. యుద్ధానికి వెళ్ళేవారు యుద్ధానికి తగిన దుస్తులు వేసుకుంటారు. శాసనాలు బిరుదుల గురించి మాట్లాడతాయి గాని ఉడుపుల గురించి మాట్లాడవు.

సమాధానం 2: భువనేశ్వర్‌లో ఉంటున్న తెలుగువాడు

ఇతర రాణుల సంగతి అడిగారు కాబట్టి మన పొరుగునే ఉన్న ఉదాహరణ చెబుతాను. ఒడిశాను 8 నుంచి 10వ శతాబ్దం వరకు ఏలిన భౌమకర వంశంలో కనీసం ఐదుగురు స్త్రీలు స్వయంగా సింహాసనం ఎక్కారు. గౌరీ మహాదేవి తరువాత ఆమె కూతురు దండి మహాదేవి రాజ్యానికి వచ్చింది. తల్లి నుంచి కూతురికి సింహాసనం దక్కడం మన దేశంలో ఎన్నిచోట్ల చూస్తాం? దండి మహాదేవి తామ్రశాసనాలు గంజాం ప్రాంతంలో, అంటే మన శ్రీకాకుళం సరిహద్దు దాటగానే వచ్చే కొంగోద మండలంలో దొరికాయి.

ఆ శాసనాల్లో ఆమె బిరుదులు ‘పరమభట్టారికా మహారాజాధిరాజ పరమేశ్వరీ’ అని ఉంటాయి. అటూ ఇటూ ఉన్న రెండూ స్త్రీవాచకాలు, మధ్యలో ఉన్న ‘మహారాజాధిరాజ’ మాత్రం పురుషునికి వాడే రూపంలోనే ఉండిపోయింది. మొదటిసారి ఆ పంక్తి చదివినప్పుడు చాలాసేపు అక్కడే ఆగిపోయాను. ఆమె పేరు మార్చుకోలేదు, స్త్రీత్వాన్ని తగ్గించుకోలేదు. కాని సార్వభౌమాధికారం అన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి లేఖకుని చేతికి పాత మాటే వచ్చింది.

కాశ్మీరంలో 10వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఏలిన సుగంధ తన నాణేల మీద ‘శ్రీ సుగంధా దేవ’ అని వేయించింది. అదే కాశ్మీరంలో దిద్ద రాణి భర్త బతికి ఉన్నప్పుడే నాణేల మీద క్షేమగుప్తుని పేరు ముందు తన పేరులోని ‘ది’ అన్న అక్షరాన్ని చేర్పించింది. ఇంకా దూరం వెళితే, పోలండులో 1384లో క్రాకోలో పట్టాభిషేకం పొందిన బాలిక యాద్విగాను రాణిగా కాకుండా ‘రాజు’గా అభిషేకించారు. రాజు భార్య వేరు, రాజ్యం ఏలే వ్యక్తి వేరు అని తేల్చి చెప్పడానికే అలా చేశారు. సమాధానం 1లో చెప్పిన పదవి వాదనకు ఇంతకంటే దగ్గరి పోలిక నాకు కనిపించలేదు.

సమాధానం 3: నల్లగొండ నుంచి

పై ఇద్దరి మాటల్లో చాలావరకు అంగీకరిస్తాను. కాని కలెక్టరు పోలిక దగ్గర నాకు అభ్యంతరం ఉంది. కలెక్టరుగా వచ్చిన ఆమె తన పేరు మార్చుకోనవసరం లేదు. రుద్రమకు ఆ అవసరం వచ్చింది. పేరు మారితే గాని కూర్చోలేని గద్దె మీద ఆమె కూర్చున్నది అన్న సంగతిని మనం తేలికగా దాటిపోకూడదు.

ఢిల్లీలో రజియా కథ పక్కన పెట్టి చూడండి. ఇల్తుత్‌మిష్ కూతురినే వారసురాలిగా ఎంచుకున్నాడు. ఆయన పోగానే అమీర్లు ఆ మాటను పక్కకు నెట్టి కొడుకు రుక్నుద్దీన్‌ను కూర్చోబెట్టారు. తరువాత రజియా 1236లో గద్దెనెక్కింది, 1240కల్లా అంతా ముగిసిపోయింది. ఆ కాలపు చరిత్రకారుడు మిన్హాజ్ ఆమెలో రాజుకు కావలసిన గుణాలన్నీ ఉన్నాయని ఒప్పుకుంటూనే, పురుషునిగా పుట్టనందువల్ల అవి ఆమెకు ఏం ఉపయోగపడ్డాయని అడిగాడు. రుద్రమ మాత్రం దాదాపు మూడు దశాబ్దాలు రాజ్యం చేసింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సమర్థురాలు అన్నది నా ప్రశ్న కాదు. గణపతిదేవుడు మాట చెప్పి ఊరుకోలేదు. తాను బతికి ఉండగానే కూతురిని పక్కన కూర్చోబెట్టి, దానాల్లో, పాలనలో, శాసనాల్లో ఆమె పేరు నడిపించాడు. ఆయన కన్ను మూసే నాటికి ఓరుగల్లుకు ఆమె ఆజ్ఞ అలవాటయిపోయింది.

ఆ తరువాతిదంతా ఆమె సొంత బలం. పాత సామంత వంశాలను మాత్రమే నమ్ముకోకుండా, పెద్ద వంశ చరిత్ర లేని యోధులను కూడా నాయకులుగా పైకి తెచ్చింది. గోన, మల్యాల, రేచెర్ల వారు వెంట నిలిచారు. కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడు మాత్రం ఎదురు తిరిగాడు.

మా జిల్లాలో నకిరేకల్ దగ్గర చందుపట్ల అన్న ఊరు ఉంది. అక్కడి శాసనం విరోధి సంవత్సరం మార్గశిర మాసానిది, అంటే 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి సోమనాథదేవునికి భూమి ఇచ్చాడు. శివలోకానికి వెళ్ళిన రుద్రమకు, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికి పుణ్యం కలగాలని ఆ దానం. ముమ్మడి రాజూ కాడు, సామంతుడూ కాడు, మల్లికార్జునుని కింద పనిచేసిన మనిషి. మహారాణి, సేనాని ఒకే దానంలో కలిసి కనిపించడాన్ని బట్టే, అంబదేవుని మీద జరిగిన యుద్ధంలో ఇద్దరూ ఒకేసారి నేలకొరిగారని చరిత్రకారులు ఊహించారు.

టీచరుగారూ, మీ నాటకంలో చివరి సన్నివేశం సభలో కాకుండా ఇక్కడ పెట్టండి. తన ప్రభువు కోసం, తన రాణి కోసం కొంచెం నేల దానమిచ్చి రాయి నాటించిన ఒక మామూలు మనిషిని పిల్లలకు చూపించండి.

సమాధానం 4: గుంటూరు నుంచి

రాజస్త్రీల అధికారం అనగానే మనం సింహాసనం దగ్గరే ఆగిపోతున్నామని నాకు ఎప్పటి నుంచో బాధ. రుద్రమ సోదరి గణపాంబను ధరణికోట ఏలిన కోట వంశంలో బేతరాజుకు ఇచ్చారు. భర్త పోయాక ఆమే ఆ ప్రాంతాన్ని చూసుకుంది. 1250 నాటి యనమదల శాసనం చదివితే ఆమె ఎలాంటి మనిషో తెలుస్తుంది. అమరేశ్వరుని గుడికి బంగారు కలశాలు పెట్టించింది. భర్త పేర బేతేశ్వరాలయం, తండ్రి పేర గణపేశ్వరాలయం కట్టించింది. ఇంత చేయడానికి ఆమె మగవారి పేరు ధరించవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే ఆమె కూర్చున్నది సామ్రాజ్యపు గద్దె కాదు.

గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారంలో చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల తొలి తరాల పేర్లు వరసగా మనకు దక్కినది ప్రధానంగా ఆ చెరువు శాసనం వల్లనే. వంశవృక్షాన్ని రాతికెక్కించి కాపాడినది ఆ ఇంటి ఆడపడుచు! భూమి ఇవ్వడం, నీరు నిలపడం, వంశం పేరు చెక్కించడం కూడా అధికారమే. కత్తి పట్టిన చెయ్యి ఒక్కటే కనబడేలా నాటకం రాయకండి.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రహస్యం బయటపడే సన్నివేశం మొత్తం తీసేశాను. నిన్న ఆదివారం పిల్లలను ఓరుగల్లు కోటకు తీసుకువెళ్ళాను. నాలుగు కీర్తితోరణాల మధ్య పడి ఉన్న స్వయంభూ ఆలయపు శిథిలాల దగ్గర, అక్కడి మండపపు శిల్పాల్లో రుద్రమదిగా చరిత్రకారులు గుర్తించిన ప్రతిమ గురించి చెప్పాను. సింహం మీద కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో కత్తి, మరొక చేతిలో డాలు. తండ్రి బిరుదైన రాయగజకేసరి, అంటే శత్రురాజులనే ఏనుగులకు సింహం అన్న మాట, కూతురికి ఎలా వచ్చిందో కూడా వివరించాను. రుద్రమ పాత్ర వేస్తున్న అమ్మాయి అంతా విని, “అయితే ఈమె చీర కట్టుకున్నా రాజే కదా టీచర్” అన్నది. ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా సంభాషణలో పెట్టుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. మల్కాపురం దానాన్ని కూడా ఒక సన్నివేశంగా పెడదామనుకుంటున్నాను. వెలగపూడి ఆదాయం దేనికి ఖర్చయ్యేదో పిల్లలకు అర్థమయ్యేలా ఏం చెప్పించాలి?

సమాధానం 5: శాసన పాఠకుడు

అమ్మా, ఆ రెండు ఊళ్ళ ఆదాయంతో శైవ మఠం, విద్యార్థుల చదువు, అన్నసత్రం నడిచేవి. వీటితో పాటు ఒక ఆరోగ్యశాల, ఒక ప్రసూతిశాల కూడా ఉన్నాయని ఆ శాసనం చెబుతుంది. రుద్రమ చేత ప్రసూతిశాల మాట తప్పక పలికించండి. కలెక్టరు పోలిక గురించి నల్లగొండ మిత్రులు చేసిన సవరణను నేను ఒప్పుకుంటున్నాను, ఆ పోలికను పిల్లలకు చెప్పవద్దు.