మిర్యాలగూడ పొగ ఎవరిదో ఉపగ్రహం తేల్చగలదా? (కలం పేర్లతో సాగిన చర్చ)

కృష్ణాతీరం: గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని ఊళ్ల కోసం పెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో నల్లగొండ ఉన్నా, మన గాలిని ఎవరు పాడు చేస్తున్నారో సూటిగా చెప్పేవారు లేరు. 2017లో ప్రయోగించిన సెంటినెల్-5పీ ఉపగ్రహం పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ వాయువును రోజూ కొలుస్తోంది, ఆ లెక్కలు ఎవరికైనా ఉచితం. దామరచర్ల థర్మల్ కేంద్రం, రైస్ మిల్లులు, వరి కొయ్యకాళ్ల మంటలు, వీటిలో ఎవరి వాటా ఎంతో ఆ లెక్కలతోనే తేల్చవచ్చు.

గడిలెక్క: తేల్చలేము. ఆ ఉపగ్రహం చూసే ఒక్కో గడి సుమారు 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో ఎన్ని మిల్లులు ఇమిడిపోతాయో మిర్యాలగూడ వారికి చెప్పనక్కరలేదు.

కృష్ణాతీరం: గాలి దిశను జోడించి ఏడాది సగటు తీస్తే గడికన్నా సన్నగా చూడవచ్చు. 4,000 మెగావాట్ల కేంద్రం దాగుతుందా?

గడిలెక్క: నేను అడిగింది మిల్లుల సంగతి.

పాతబజారు: ఉపగ్రహం మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో దాటిపోతుంది. మా వీధిలో బూడిద రాత్రి పూట పడుతుంది.

ఆయకట్టు: కల్లంలో ఆరబోసిన మా వడ్ల మీద మిల్లు బూడిద పడుతోందని ఫొటోలతో ఫిర్యాదు చేస్తే, అది ఏ పొగగొట్టానిదో రుజువేదని అడిగారు. యాసంగి కోతలయ్యాక నేను కొయ్యకాళ్లకు నిప్పు పెడితే మాత్రం, ఉపగ్రహ పటంలో చుక్క పడిందని ఇంటికే వచ్చి హెచ్చరించారు.

గడిలెక్క: నిప్పు పెట్టడం తప్పే కదా. మంటలను పసిగట్టేది వేరే పరికరం, దాని గడి 375 మీటర్లు. అది వేడిని చూస్తుంది కనుక ఆరుబయటి మంట చుక్కగా పడుతుంది, బాయిలర్ లోపల మండే ఊక పడదు.

ఆయకట్టు: మూడు రోజులుగా గడుల కొలతలు చెబుతున్న మీకు ఈ ముక్క ఇప్పుడా గుర్తొచ్చింది? మీరు పరికరం పరిమితి అంటున్నది మా ఇంటికి నోటీసుగా వస్తుంది. నా తప్పుకు ఆకాశం నుంచి సాక్ష్యం చాలినప్పుడు, మిల్లు తప్పుకు నేల మీది ఫొటో ఎందుకు చాలదు?

కృష్ణాతీరం: అందుకని ఉన్న సాక్ష్యాన్ని పారేద్దామా? అప్పుడు థర్మల్ కేంద్రాన్ని అడిగే ఆధారమూ పోతుంది.

గడిలెక్క: పారేయమనలేదు. పొగగొట్టాల దగ్గర తీసిన కొలతలు బయటపెట్టేదాకా, చుక్కలు చూసి రైతులకు మాత్రమే నోటీసులు ఇవ్వడం ఆపాలి.

కృష్ణాతీరం: అంతదాకా కొయ్యకాళ్ల పొగను పీల్చమంటారా? ఆ షరతుకు నేను ఒప్పుకోను.

ఆయకట్టు: మిల్లు పొగను ఇన్నేళ్లుగా పీల్చమన్నప్పుడు ఈ షరతు మమ్మల్ని ఎవరూ అడగలేదు.