డోలీలు ఆగాలంటే గర్భిణులను కిందికి తేవాలా, రోడ్డు పైకి వేయాలా?

గెడ్డవతల (చర్చ మొదలుపెట్టింది)

పోయిన వారం మా పంచాయతీలో కొండ మీద ఊరి నుంచి ఒకామెని డోలీలో దించాం. నేనూ భుజం పట్టాను. చూడనివాళ్ళ కోసం చెప్తున్నా: గట్టి కర్రకి దుప్పటి ఉయ్యాలలా కడతారు. ముందొకరు వెనకొకరు మోస్తుంటే, మిగతావాళ్ళు భుజం మార్చుకోవడానికి వెంట నడుస్తారు. గెడ్డలో నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. 108 బండి తారు రోడ్డు చివర ఆగి ఉంది, అక్కడి నుంచి పైకి ఎక్కలేదు. దాని దగ్గరికి చేరేసరికి మూడున్నర గంటలు పట్టింది. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు.

ఏజెన్సీలో గర్భిణుల వసతి గృహాలు ఉన్నాయి కదా, సాలూరులోది చాలామందికి తెలుసు. కాన్పు డేటుకి ముందే తీసుకొచ్చి, తిండి పెట్టి, నొప్పులు రాగానే ఆసుపత్రికి పంపిస్తారు. అలాంటిది ప్రతి కొండ మండలంలో ఉండాలంటాను. రక్తం తక్కువున్నవాళ్ళు, ముందు కాన్పు కష్టమైనవాళ్ళు తప్పనిసరిగా వచ్చి ఉండాలని రూలు కూడా పెట్టాలి. రోడ్డు వచ్చేదాకా కాన్పులు ఆగవు కదా. మీరేమంటారు?

పోడుపిల్లోడు

అన్నా, నువ్వు ఒకసారి మోశావు. మా నాన్న మోశాడు, మా తాత మోశాడు, మా అమ్మ అందులో పడుకుని దిగింది. కాబట్టి కోపంగా రాస్తే ఏమనుకోకు.

"తప్పనిసరి" అన్నావు చూడు, అక్కడే నా గొడవ. కార్తీకం నుంచి కాఫీ పళ్ళు కోత. ఏడాది మొత్తంలో చేతికి నాలుగు డబ్బులు వచ్చే రోజులు అవే. ఇంట్లో రెండేళ్ళ పిల్ల, మేకలు, కళ్ళంలో చోళ్ళు (రాగులు). ఆమె నెల రోజులు కింద కూర్చుంటే ఆ ఇల్లు ఎవరు చూస్తారు? విశాఖలో ఉన్న గర్భిణితో ఎవరైనా "మీ వీధికి బండి రాదు, నువ్వే వచ్చి నెల రోజులు ఆసుపత్రి పక్కన ఉండు, రాకపోతే తప్పు నీదే" అంటారా?

ఇంక అడవి చట్టం వల్ల రోడ్డు రాదంటారు. అటవీ హక్కుల చట్టం, 2006, సెక్షన్ 3(2) చదవండి. రోడ్డు, బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి లాంటి పనులకి ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు కావాలి. ఇంతే. అసలు అడ్డం జనాభా లెక్క. గ్రామీణ సడక్ యోజనలో గిరిజన ప్రాంతానికి 250 మంది ఉండాలన్నారు. మా కొండ మీద ఊరంటే పదిహేను ఇళ్ళు. 2023లో కేంద్రం పథకం పీఎం జన్‌మన్ వచ్చాక పీవీటీజీ (బాగా వెనకబడిన గిరిజన తెగలు) ఊళ్ళకి మాత్రం అది 100కి తగ్గింది. 2025 ఏప్రిల్‌లో గిరిజన ఊళ్ళకి రోడ్లు వేసే అడవి తల్లి బాట మొదలైంది. డోలీ లేకుండా చేస్తామనే మొదలుపెట్టారు, మంచిదే. కానీ మీరు హాస్టల్ చాలు అంటే ఆ రోడ్లు మళ్ళీ వెనక్కి పోతాయి. నా భయం అదే.

రాత్రిడ్యూటీ సిస్టర్

ఏజెన్సీలో పదకొండేళ్ళుగా స్టాఫ్ నర్సుని. తమ్ముడు పోడుపిల్లోడు చెప్పింది కాదనను, కానీ ఒక లెక్క చూడండి. బిడ్డ పుట్టాక రక్తం ఎక్కువగా పోవడం మొదలై, ఏమీ చేయకపోతే రెండు గంటల్లో మనిషి పోవచ్చు. పైన డోలీ ప్రయాణం మూడున్నర గంటలు. ముందే రక్తం తక్కువై హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 7 ఉన్నామెకి ఆ రెండు గంటలు కూడా ఉండవు. ఎవరికి రక్తం పోతుందో ముందుగా చెప్పలేం. నేను హాస్టల్ వైపు ఉన్నది అందుకే.

అయితే హాస్టల్ గురించి గొప్పలు కూడా చెప్పను. నేను పనిచేసిన ఒకచోట ఒకామె ఐదో రోజు తెల్లారేసరికి లేదు. వెతికితే సంత జీపెక్కి ఊరికి పోయింది. ఎందుకు వెళ్ళావమ్మా అంటే రెండే చెప్పింది: అక్కడ చోడి అంబలి ఇవ్వరు, నా మాట ఎవరికీ అర్థం కాదు. ఆమెది కువి, కొండ భాష. వార్డులో అందరిదీ తెలుగు. మధ్యలో మాట చెప్పే మనిషి లేదు. బిల్డింగు కట్టడానికి డబ్బులు వస్తాయి, ఆయమ్మ జీతానికి రావు. అదేంటో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

లెక్కలమనిషి

నేను ఏజెన్సీ వాడిని కాదు, విశాఖ. ఎవరూ అడగని ప్రశ్న అడుగుతాను. పదిహేను ఇళ్ళకి ఘాట్ రోడ్డు వేసి, ప్రతి వానకి కొట్టుకుపోతే మళ్ళీ వేసి, దానికయ్యే ఖర్చుతో ఆ పదిహేను ఇళ్ళకి కిందే ఇళ్ళు కట్టించి ఇవ్వొచ్చు కదా? పిల్లలకి బడి కూడా దగ్గరవుతుంది.

పోడుపిల్లోడు

@లెక్కలమనిషి, మా వాళ్ళు ఈ మాట ఇంతకుముందే విన్నారు. మాచ్‌ఖండ్ జల విద్యుత్ ప్రాజెక్టు కట్టినప్పుడు జలాపుట్ డ్యామ్ నీళ్ళ కింద ఊళ్ళు మునిగాయి. 1955 నుంచి ఆ కరెంటు కిందికి దిగుతోంది. స్తంభాలు మోసుకుని కొండెక్కడానికి అప్పుడు దారి దొరికింది. గర్భిణి దిగడానికి వచ్చేసరికి ఖర్చు గుర్తొస్తుంది. ఇల్లు కట్టిస్తారు సరే, పోడు, చింత, పనస, ఉపాధి ఎవరు కట్టిస్తారు సార్?

లెక్కలమనిషి

సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. రోడ్డు ఖర్చు ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

రిటైర్డ్ మాస్టారు

మీరందరూ రోడ్డు, హాస్టల్ అని రెండే చూస్తున్నారు. మూడోది ఊళ్ళోనే ఉన్న ఆడమనిషి. మహారాష్ట్ర గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు ఊరి ఆడవాళ్ళకే పురిటిబిడ్డల సంరక్షణ నేర్పించారు. పోల్చి చూసిన ఊళ్ళ కంటే అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆశాలు ఇప్పుడు కాన్పు తర్వాత ఇంటింటికీ తిరిగి బిడ్డని చూసే పద్ధతికి మూలం అదే. మన మంత్రసానులను మనం "నాటు" అని పక్కన పెట్టేశాం. వాళ్ళకి నేర్పితే పోయేదేముంది?

రాత్రిడ్యూటీ సిస్టర్

మాస్టారూ, గడ్చిరోలి లెక్క బిడ్డలది. చలికి కాపాడటం, ఇన్ఫెక్షన్ గుర్తుపట్టడం, ఊపిరి అందించడం ఊళ్ళోనే చేయొచ్చు, చేశారు కూడా. తల్లికి రక్తం పోతుంటే, బిడ్డ అడ్డం తిరిగితే మంత్రసాని ఎంత నేర్చుకున్నా రక్తం ఎక్కించలేదు, ఆపరేషన్ చేయలేదు. రక్తం ఆపడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో ఉంచాలి, కొండ మీద కరెంటే ఉండదు. అదే పనికి వాడే మిసోప్రోస్టాల్ మాత్రకి ఫ్రిజ్ అక్కర్లేదు, దాన్ని ఆశా చేతికి ఇవ్వడం మంచి పని, ఒప్పుకుంటా. కానీ అది డోలీ దిగేదాకా టైమ్ సంపాదించడానికే పనికొస్తుంది, డోలీ మాత్రం తప్పదు.

రిటైర్డ్ మాస్టారు

బిడ్డల లెక్కని తల్లులకి అంటగట్టాను, నాదే పొరపాటు. మంత్రసానిని హాస్టల్‌కి తోడు తీసుకురండి అప్పుడు. ఆమె ఉంటే ఆ కువి ఆమె పారిపోయేది కాదు.

గెడ్డవతల

ఇది నాకు తట్టలేదు. తోడు మనిషి మంత్రసాని అయితే భాష, తిండి, ధైర్యం మూడూ కుదురుతాయి.

నేను "తప్పనిసరి" తీసేస్తున్నా. ఎందుకో కూడా చెప్తా. రాత్రి మా ఊరి ఆశాతో మాట్లాడాను. "రూలు పెడితే నెల తప్పిన సంగతే నాకు చెప్పరు అన్నా, దాచేస్తారు" అంది. దాచేస్తే ఐరన్ మాత్రలూ పోతాయి, చెకప్పులూ పోతాయి.

ఇంకొకటి. షెడ్యూల్డ్ ఏరియా (ప్రభుత్వం గిరిజన ప్రాంతంగా ప్రకటించినది) గీతకి ఇవతల పడిన కొండ ఊళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. రావికమతం, రోలుగుంట, శృంగవరపుకోట వైపు అదే కొండ, అదే గిరిజనులు, అదే డోలీ. కానీ నాన్ షెడ్యూల్డ్ కాబట్టి ఏజెన్సీ పేరు మీద వచ్చే పనులు వాళ్ళ దాకా రావు. 3,000 మందికి ఒక సబ్ సెంటర్ (ఆరోగ్య ఉపకేంద్రం) అన్న గిరిజన లెక్క కూడా వాళ్ళకి వర్తించకపోతే మైదానం లెక్కే, 5,000 మందికి ఒకటి. ఆ 5,000 మంది ఎన్ని కొండల మీద ఉన్నారో ఆ లెక్కలో ఎక్కడా ఉండదు.

పోడుపిల్లోడు

తప్పనిసరి పోతే హాస్టల్‌తో నాకు పేచీ లేదు అన్నా. కానీ వచ్చిన రోజులకి కూలి కట్టివ్వాలి, ఉపాధి హామీ రేటు అయినా సరే. అది లేకుండా "నీ ఇష్టం" అంటే ఇష్టం ఉన్నా రాలేరు. రోడ్డు మాత్రం నేను వదలను.

లెక్కలమనిషి

కూలి లెక్క రోడ్డు కంటే చాలా చిన్నది. ఇది మాత్రం రేపే మొదలుపెట్టొచ్చు.

చెల్లికోసం

చదువుతున్నా అందరివీ. నాది వేరే ప్రశ్న, ఇక్కడ అడగొచ్చో లేదో. మా చెల్లికి తొమ్మిదో నెల పడింది. ముందు కాన్పులో రక్తం ఎక్కించారు. ఇద్దరు పిల్లలు, చిన్నోడికి రెండేళ్ళు. హాస్టల్‌లో పిల్లల్ని రానిస్తారా? వాళ్ళ అత్త తోడు వస్తానంటోంది.

రాత్రిడ్యూటీ సిస్టర్

తప్పకుండా అడగొచ్చమ్మా. మా దగ్గర ఒక పెద్ద మనిషిని, పాలు మానని పిల్లని రానిస్తున్నారు. మీ వైపు ఎలా ఉందో ఏఎన్ఎంని అడిగి కనుక్కోండి. పెద్ద పిల్ల దగ్గర ఎవరుంటారో చూసుకోండి. ముందు కాన్పు కాగితాలు, రక్తం గ్రూపు రాసిన కార్డు మర్చిపోవద్దు. కాన్పు డేటు ఎప్పుడు?

చెల్లికోసం

వచ్చే నెల 12. మొన్నటి వానకి గెడ్డ నిండుగా ఉంది.

రాత్రిడ్యూటీ సిస్టర్

అయితే డేటు దాకా ఆగకండి. ఈ వారం సంతకి మీవాళ్ళు దిగేటప్పుడే తీసుకొచ్చేయండి. నడవలేనంటే ముందు రోజే చెప్పండి, కిందికి బండి పంపించమని అడుగుతాను.

గెడ్డవతల

ఏ ఊరో నాకు మెసేజ్ పెట్టండి. మోయడానికి మేం నలుగురం ఉన్నాం.