ఆమ్‌స్టర్‌డామ్ వానలో ఆఫీస్ కాల్స్ ఎక్కడ మాట్లాడుకోవాలి?

నమస్కారం అండీ. రిమోట్ ఉద్యోగం చేసుకుంటూ ఈ అక్టోబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్ వచ్చాను. కాలువల ఊరు ఎంత తిరిగినా తనివి తీరడం లేదు, కానీ వాన వదలట్లేదు. నిన్న ప్రిన్సెన్‌ఖ్రాఖ్ట్ వంతెన మీద గాలికి గొడుగు తిరగబడింది. బ్యాగు జిప్పు సందులోంచి నీళ్లు దిగి ఛార్జర్ తడిసిపోయింది.

హైదరాబాద్ టీమ్‌తో మీటింగ్ ఇక్కడ ఉదయం 6:30కి. నెలాఖరు ఆదివారం ఇక్కడ చలికాలం సమయానికి మారుతూ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు 5:30కే! గదిలో వైఫై మాటిమాటికీ పోతోంది. సెంట్రల్ స్టేషన్ దగ్గరి ఊస్టర్‌డాక్ లైబ్రరీ చాలా బాగుంటుంది, కానీ అంత పొద్దున్నే తెరవరు. పైగా నలుగురూ చదువుకునే చోట కాల్ మాట్లాడటం నాకే ఇబ్బంది.

ఇక్కడ ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి: తెల్లవారుజామున కూర్చుని మాట్లాడుకునే చోటు ఏదైనా ఉందా? ల్యాప్‌టాప్ తడవకుండా మీరు ఏ బ్యాగు వాడుతున్నారు? తడిసిన ఛార్జర్ ఆరాక వాడొచ్చా, కొత్తది కొనాలా? చాలా టెన్షన్‌గా ఉంది.