కార్వేటినగరంలో దొరికిన పాత సింగర్ చేతి మిషన్: ఏ రకమో గుర్తించడానికి, బాగు చేయడానికి సలహా కావాలి

కార్వేటినగరం ఆడపడుచు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కార్వేటినగరంలోని మా పుట్టింట్లో అటక సర్దుతుండగా మా అవ్వ వాడిన కుట్టు మిషన్ బయటపడింది. ఇప్పుడు దానిని తిరుపతికి తెచ్చుకున్నాను. నల్లటి ఇనుప మిషన్, కుడివైపు చేత్తో తిప్పే పిడి, పైన వంపు తిరిగిన చెక్క మూత ఉన్నాయి. మిషన్ మీద బంగారు రంగులో, సింహపు శరీరమూ మనిషి ముఖమూ రెక్కలూ ఉన్న బొమ్మ కనిపిస్తోంది. కుడివైపు పలక మీద చెక్కిన సంఖ్య ఇంగ్లీషు ‘వై’ అక్షరంతో మొదలవుతోంది. సూది కింది రేకులు జరిపి చూస్తే గుండ్రటి బాబిన్ (కింది దారం చుట్టి ఉండే చుట్ట) లేదు, పడవ ఆకారంలో ఒక పొడవాటి ఇనుప డొక్క ఉంది. చక్రం మాత్రం ఎటూ కదలడం లేదు.

ఇక్కడ ఒక మరమ్మతు దుకాణంలో చూపిస్తే, పాత రంగంతా గీకేసి కొత్తగా నల్ల రంగు స్ప్రే చేసి, సింగర్ స్టిక్కర్లు అంటించి ఇస్తామన్నారు. మరొకాయన ఇంటికే వచ్చి, సూది దగ్గర సెల్‌ఫోన్ పెట్టి చూస్తానని, ఫోను ఆగిపోతే లక్షల్లో డబ్బిస్తానని అన్నాడు. ఆ మాట నాకు నచ్చక పంపించేశాను. ఇది ఏ రకం మిషన్, ఏ కాలం నాటిది, రంగు వేయించడం మంచిదేనా, దీనితో మళ్ళీ రవికలు కుట్టుకోగలనా అన్నది తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను. అమ్మే ఉద్దేశం నాకు లేదు.

చిత్తూరు పాత మిషన్లు:

అమ్మా, మీరు చెప్పిన గుర్తులతోనే చాలావరకు తేల్చవచ్చు. పడవ ఆకారంలో ఉన్న ఆ డొక్కను షటిల్ అంటారు. అది చాపంలో ముందుకూ వెనక్కూ ఊగుతూ, సూది వదిలిన దారపు ఉచ్చులోంచి దూరి కుట్టు వేస్తుంది. సింగర్ కంపెనీవారి 27, 28, 127, 128 రకాలన్నీ ఈ పద్ధతిలో పనిచేసేవే. వీటిలో 27, 127 పూర్తి పరిమాణం గలవి, 28, 128 వాటిలో ముప్పావు పరిమాణం గలవి. ఇనుప పలక పొడవును టేపుతో కొలవండి. సుమారు పద్నాలుగున్నర అంగుళాలుంటే పెద్దది, పన్నెండున్నర దగ్గర ఉంటే చిన్నది. మీరు వర్ణించిన రెక్కల సింహం బొమ్మను సేకరణదారులు స్ఫింక్స్ అంటారు. అది 27, 127 రకాల మీద విరివిగా కనిపిస్తుంది కాబట్టి మీది పెద్దదే అయివుంటుందని నా అంచనా.

ఇక ఆ రెండింటిలో ఏదో తెలుసుకోవడానికి బాబిన్‌కు దారం చుట్టే చిన్న చక్రం ఎక్కడుందో చూడండి. అది కింద, పలకకు దగ్గరగా ఉంటే 27. పైన, పెద్ద చక్రం పక్కన స్తంభానికి బిగించి ఉంటే 127. అంతేకాక 127లో షటిల్ కూర్చునే గూటిలో ఒక చిన్న మీట ఉంటుంది, దానిని నొక్కితే షటిల్ పైకి లేస్తుంది. 27లో షటిల్‌ను వేలితో తీసుకోవలసిందే.

‘వై’ అక్షరం చాలా విలువైన సమాచారం. సింగర్ మిషన్ల సంఖ్యల ముందు అక్షరాలు 1900 నుంచి మొదలయ్యాయి, అంతకు ముందు వట్టి అంకెలే ఉండేవి. ‘వై’, దానికి ముందు వచ్చిన ‘ఎఫ్’ స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్ పట్టణంలో ఉన్న కిల్‌బోవీ కర్మాగారానివి. అమెరికాలోని న్యూజెర్సీ కర్మాగారానిదైతే ‘జి’, కెనడాదైతే ‘జె’, జర్మనీదైతే ‘సి’ కనిపిస్తాయి. ‘వై’ వరుస 1920లలో, 1930ల తొలి సగంలో నడిచింది, ఆ తరువాత ‘ఇ’ పక్కన మరొక అక్షరం చేర్చిన వరుసలు వచ్చాయి. పూర్తి సంఖ్యను పాత జాబితాలతో పోల్చితే సంవత్సరం దొరుకుతుంది. అయితే అది ఆ సంఖ్యల గుంపును కర్మాగారానికి కేటాయించిన తేదీయే తప్ప, మీ మిషన్ తయారై బయటికి వచ్చిన రోజు కాదు. సంఖ్యను నలుగురికీ కనిపించేలా ఇక్కడ పెట్టవలసిన అవసరం లేదు, మీరే చూసుకోవచ్చు.

ఫోను పట్టుకుని వచ్చిన మనిషిని పంపించేయడం చాలా మంచి పని చేశారు. పాత సింగర్ మిషన్లలో ‘ఎర్ర పాదరసం’ అనే పదార్థం ఉంటుందనీ, సూది దగ్గరికి తెస్తే ఫోను లైను తెగిపోతుందనీ 2009లో సౌదీ అరేబియాలో ఒక పుకారు పుట్టి, అక్కడ పాత మిషన్లు నమ్మలేని ధరలకు అమ్ముడుపోయాయి. అందులో ఇసుమంతైనా నిజం లేదు. మిషన్ తల పోత ఇనుము, లోపలి కడ్డీలూ సూదీ ఉక్కు. పాదరసం దాచడానికి చోటూ లేదు, దాచవలసిన కారణమూ లేదు. అరుదైన వస్తువన్న మాట కూడా నిలవదు. 1913లో ఒక్క కిల్‌బోవీ నుంచే పదమూడు లక్షలకు పైగా మిషన్లు వెళ్ళాయి. సింగర్ వారు మన దేశంలోనూ వాయిదాల పద్ధతిలో అమ్మారు కాబట్టి, అప్పటి మద్రాసు రాజధానిలో భాగమైన మన చిత్తూరు జిల్లా పల్లెల్లో కూడా అవి కనిపించడంలో వింతేమీ లేదు. కోట్లు పలకకపోయినా, నూరేళ్ళకు దగ్గరపడిన మీ మిషన్ మళ్ళీ కుట్టగలదు. నా దృష్టిలో దాని అసలు విలువ అదే.

నగరి టైలర్:

చక్రం బిగుసుకుపోయిన సంగతి నేను చెబుతాను. ఇటువంటి మిషన్లు విరిగి ఆగిపోవడం చాలా అరుదు. సగానికి సగం నూనె గట్టిపడి ఆగిపోయినవే ఉంటాయి. మన వైపు ఇళ్ళలో మిషన్ నూనె అయిపోతే కొబ్బరినూనో చెనిక్కాయల నూనో పోసే అలవాటు ఉండేది. వంటనూనెలు గాలి తగిలి కాలక్రమంలో జిగురుగా మారి, దారపు పీచుతో కలిసి గట్టిగా పట్టుకుంటాయి.

ముందుగా చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి మరను వదులు చేయండి. బాబిన్ చుట్టేటప్పుడు సూది ఆడకుండా ఉండేందుకు పెట్టిన మర అది. అది వదులైన తరువాత చక్రం ఒక్కటే తిరిగితే బిగువు లోపల ఎక్కడో ఉన్నట్టు, అప్పటికీ తిరగకపోతే చక్రం దగ్గరే పట్టేసినట్టు. తరువాత రేకులు తీసి షటిల్ బయటికి తీసి, అది నడిచే దారిలో తెగిన దారం చిక్కుకుని ఉందేమో సన్నటి పట్టకారుతో చూడండి. ఎడమ చివర ఉన్న రేకు మర విప్పితే సూది కడ్డీ, గుడ్డను నొక్కి పట్టే పాదం కడ్డీ కనిపిస్తాయి. మిషన్‌ను వెనక్కి వాల్చి అడుగు భాగం కూడా చూడండి. లోహం లోహంతో రాసుకునే ప్రతి చోటా ఒకటి రెండు చుక్కలు కిరసనాయిలు వేసి ఒక రాత్రి వదిలేయండి. కిరసనాయిలు నల్ల రంగు మీద, బొమ్మల మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. మరునాడు చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపండి. వెంట్రుకలు ఆరబెట్టే యంత్రంతో సూది కడ్డీ దగ్గర కాస్త వేడి తగిలిస్తే పాత జిగురు కరుగుతుంది. ఎంత ఆలస్యమైనా బలం మాత్రం ఉపయోగించకండి. సూది కడ్డీని కటింగ్ ప్లయర్‌తో పట్టి లాగితే దాని మీద గీతలు పడతాయి, ఆ గీతలు జీవితాంతం కుట్టును పాడుచేస్తాయి.

కదలడం మొదలైన తరువాత చేయవలసిన పనిని చాలామంది వదిలేస్తారు. కిరసనాయిలు మురికితో పాటు నూనెనంతా కడిగేస్తుంది. కాబట్టి గుడ్డతో తుడిచి, అన్ని చోట్లా అసలైన కుట్టు మిషన్ నూనె వేసి, కొంతసేపు దారం లేకుండా తిప్పాలి. నల్లటి మురికి బయటికి వస్తుంది, తుడిచి మళ్ళీ వేయాలి. నూనె తేటగా వచ్చేదాకా ఈ పని సాగాలి.

సూదుల గురించి దిగులు అవసరం లేదు. ఉషా వంటి ఇంటి మిషన్లకు వాడే 15×1 సూదే దీనికీ సరిపోతుంది. రవిక గుడ్డకు 14 లేదా 16 నెంబరు చాలు. పెట్టేటప్పుడు ఒక నియమం గుర్తుంచుకోండి. సూదికి ఒక పక్క పొడవాటి గాడి ఉంటుంది, దారం ఏ వైపు నుంచి కన్నంలోకి వెళుతుందో ఆ గాడి ఆ వైపునే ఉండాలి. బాబిన్ మాత్రం దుకాణంలో దొరికే గుండ్రటిది పనికిరాదు. దీనికి సన్నగా పొడవుగా ఉండేది కావాలి. చెక్క పెట్టెలో పాతవి ఉంటే ఒక్కటి కూడా పారేయవద్దు. షటిల్ మొన మొద్దుబారిందా, తుప్పు తిందా అని వేలితో తడిమి చూడండి. మొన నున్నగా ఉంటే సగం చింత తీరినట్టే.

తిరుచానూరు రోడ్డు సేకరణ:

రంగు విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. ఆ దుకాణం మాట వినకండి. ఆ నలుపు మామూలు రంగు కాదు. పొరలు పొరలుగా పూసి కొలిమి వేడిలో కాల్చి గట్టిపరచిన పూత అది. దాని మీద బంగారు బొమ్మలు అద్ది, వాటిని కాపాడడానికి లక్కతో చేసిన పారదర్శక పూత వేశారు. గీకితే ఈ మూడూ పోతాయి. మీ మిషన్ ఏ రకమో, ఏ కాలానిదో పై మిత్రుడు ఆ బొమ్మను బట్టి, పలక మీది సంఖ్యను బట్టి చెప్పగలిగారు. బొమ్మ గీకేసి, మందపాటి రంగుతో సంఖ్యను పూడ్చేస్తే రేపు మీ పిల్లలకు ఏ ఆధారమూ మిగలదు. ఇప్పుడు దొరికే స్టిక్కర్లు సాధారణంగా ఏదో ఒక రకానివి, మీ మిషన్‌ది స్ఫింక్సే కానవసరం లేదు.

లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. కాబట్టి శానిటైజర్, థిన్నర్, సెంటు, సర్జికల్ స్పిరిట్ ఏదీ దగ్గరికి రానీయవద్దు. క్షారం కూడా దానికి పడదు. అందుకే గట్టి సబ్బునీళ్ళూ సోడా నీళ్ళూ వద్దంటాను. ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. ఆయుధపూజ నాడు మిషన్ తల మీద పసుపు, గంధం, కుంకుమ పెడతాం. పసుపుకు సున్నం కలిపి చేసే కుంకుమలో ఆ సున్నం క్షారమే. ఏళ్ళ తరబడి ఒకే చోట పెడితే బంగారు బొమ్మ అక్కడ మాసిపోతుంది. ఇకపై బొట్టు చెక్క పీఠానికి గానీ చేతి పిడికి గానీ పెట్టండి, పూజకు లోటేమీ ఉండదు. పాత మరకలను నీటితో రుద్దకుండా, మిషన్ నూనెలో తడిపిన మెత్తటి నూలు గుడ్డతో కొద్దిసేపు నాననిచ్చి తేలికగా తుడవండి. ముందు కనిపించని వెనుక పక్క కొద్దిమేర ప్రయత్నించాలి. గుడ్డకు గోధుమ రంగు అంటితే అది మురికి, పసుపు మెరుపు అంటితే బొమ్మే వస్తోందని అర్థం, వెంటనే ఆపేయాలి. బంగారు రంగు ఒకసారి వెండి రంగుకు తిరిగితే మళ్ళీ వెనక్కి రాదు. ఇత్తడి పాలిష్ రంగు లేని మెరుపు భాగాలకు మాత్రమే, అదీ విప్పి పక్కన పెట్టుకుని వాడాలి.

నగరి టైలర్:

అన్నగారూ, మీతో చాలావరకు ఏకీభవిస్తాను. కానీ పూత ఊడి, ఇనుము బయటపడి తుప్పు పొరలుగా లేచిన మిషన్లను కూడా చూశాను. వర్షం కారే చోట పడి ఉన్నవాటికి రంగు వేయకపోతే ఇంకా తినేస్తుంది. అటువంటివాటికి సంఖ్య మీద టేపు అంటించి రంగు వేయడం తప్పని నేననుకోను. ఈ అమ్మగారి మిషన్‌కు బొమ్మ అంత స్పష్టంగా ఉంది కాబట్టి మాత్రం మీ మాటే సరి.

తిరుచానూరు రోడ్డు సేకరణ:

అవును, బొమ్మ పూర్తిగా పోయిన మిషన్‌కు ఆ పద్ధతి నాకూ సమ్మతమే.

కార్వేటినగరం ఆడపడుచు:

అందరికీ ఎంతో కృతజ్ఞురాలిని. పలక పద్నాలుగున్నర అంగుళాలు ఉంది, బాబిన్ చుట్టే చక్రం పైన ఉంది, గూటిలో మీట కూడా ఉంది. కాబట్టి ఇది 127 రకమని తేలింది. షటిల్ దారిలో తెల్ల నూలుదారం గట్టిగా చుట్టుకుని కనిపించింది. దానిని తీసి, కిరసనాయిలు వేసి ఓపికగా ఊపగా చక్రం కదిలింది, ఇప్పుడు హాయిగా తిరుగుతోంది. చెక్క పెట్టెలో పొడవాటి బాబిన్లు కొన్ని ఉన్నాయి. పాత గుడ్డ మీద కుట్టి చూశాను. పైన కుట్టు బాగానే ఉంది గానీ అడుగున దారం ఉచ్చులుగా వేలాడుతోంది. షటిల్ మీది చిన్న మరను బిగించాలా?

నగరి టైలర్:

వద్దమ్మా, ఆ మర ఇప్పుడే ముట్టవద్దు. అడుగున ఉచ్చులు పడుతున్నాయంటే పైదారానికి బిగువు చాలడం లేదన్నమాట. పాదం పైకి ఎత్తి ఉంచి పైదారాన్ని పూర్తిగా తీసి మళ్ళీ ఎక్కించండి. పాదం దించి ఉన్నప్పుడు ఎక్కిస్తే దారం, దానికి బిగువునిచ్చే టెన్షన్ బిళ్ళల మధ్యకు దిగదు. ఆ బిళ్ళల మధ్య పాత పీచు ఇరుక్కుని ఉంటే గుడ్డ అంచును దూర్చి లాగి శుభ్రం చేయండి. తరువాత పైన ఎర్రదారం, కింద తెల్లదారం పెట్టి రెండు పొరల గుడ్డ మీద కుట్టండి. అడుగున ఎర్రదారం కనిపిస్తే పై టెన్షన్ మరను కొద్దిగా బిగించాలి, పైన తెల్లదారం కనిపిస్తే వదులు చేయాలి. రెండు దారాలూ గుడ్డ పొరల మధ్యలోనే ముడిపడేదాకా పై మరతోనే సరిచూడండి. ఎంత చేసినా కుదరకపోతే అప్పుడు షటిల్ మరను పావు చుట్టుకు మించకుండా తిప్పవచ్చు. తిప్పే ముందు అది ఏ దిశలో ఉందో ఫోటో తీసుకోండి.