‘అహ నా పెళ్ళంట’: సొంత పెళ్లికి ‘అంట’ ఎందుకు?

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిది భోపాల్. హైదరాబాద్ వచ్చి రెండేళ్లయింది, పట్టుబట్టి తెలుగు నేర్చుకుంటోంది. ‘అంట’ గురించి ఆమెకి నేనే చెప్పాను. మనం కళ్లారా చూడనిది, ఎవరో చెప్పగా విన్నది చెప్పేటప్పుడు చివర ‘అంట’ చేర్చాలి అన్నాను. రేపు సెలవంట. వాళ్లు ఇల్లు మారారంట. ఒక్క చిన్న ముక్కతో ‘ఈ మాట నాది కాదు’ అని చెప్పేయొచ్చా అని ఆమె తెగ సంబరపడింది. పోయిన వారం మాత్రం ముఖం సీరియస్‌గా పెట్టుకుని వచ్చింది. ‘మాయాబజార్’ సినిమాలో ‘అహ నా పెళ్ళంట’ పాట విన్నదట. సొంత పెళ్లి సంగతి ఒకరు చెబితే తెలియడమేమిటి, ‘నా పెళ్లి’ అంటే చాలదా అని అడిగింది.

అప్పటికి ఏదో పాటలో ఊపు కోసం వేసిన మాట అని చెప్పి పంపించాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆ పాట రాసిన పింగళి నాగేంద్రరావు గారు ఊపు కోసం మాట వేసే మనిషి కాదు. అందుకే నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను. తప్పుంటే దిద్దండి.

ముందు మామూలు మాటల్లో చూద్దాం. ‘నేను’తో ‘అంట’ అసలు కుదరదా? కుదురుతుంది, కానీ ఎక్కడ పడితే అక్కడ కాదు. ‘నేను అన్నం తిన్నానంట’ అంటే ఎదుటివాళ్లు మన వైపు వింతగా చూస్తారు. ‘చిన్నప్పుడు నేను మన్ను తినేవాడినంట’ అంటే ఎవరికీ వింతగా ఉండదు. అది నాకు గుర్తు లేదు, అమ్మ చెబితేనే తెలిసింది. ‘నిద్రలో మాట్లాడుతున్నానంట’, ‘నాకు షుగర్ ఉందంట’ కూడా అలాంటివే. నా గురించిన సంగతే అయినా నాకంటే ముందు ఇంకొకరికి తెలిసినప్పుడు ‘నేను’ పక్కన ‘అంట’ వచ్చి కూర్చుంటుంది. ఇంకో వాడుక కూడా ఉంది. మన మీద ఎవరైనా లేనిపోని మాట అంటే ‘నేను దొంగనంట, చూశారా’ అంటాం. ఆ మాటని నోటితో పలుకుతూనే ఒప్పుకోవడం లేదని చెబుతున్నాం.

ఇప్పుడు పాట దగ్గరికి వద్దాం. ఇది పాడుతున్నది ఎవరు? తెర మీద కనిపించేది శశిరేఖ, ఆ వేషం వేసింది సావిత్రి. కానీ అసలు శశిరేఖ అక్కడ లేదు. నిద్రపోతున్న ఆమెని పాన్పుతో సహా ఎత్తుకెళ్లి, తన తల్లి హిడింబ ఆశ్రమంలో దించి, శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు ద్వారకలో ఉన్నాడు. కౌరవుల ఇంటి అబ్బాయితో కుదిరిన ఆ పెళ్లి శశిరేఖది. శశిరేఖగా ఉన్నాడు కాబట్టి ‘నా పెళ్లి’ అనక తప్పదు. ఆ పెళ్లి తనది కాదు కాబట్టి ‘అంట’ అనకుండానూ ఉండలేడు. ఆ రెండు ముక్కల్లో ఇద్దరు మనుషులున్నారు.

ఇంకొంచెం ముందుకు వెళితే ‘బాలాకుమారినంట, చాలా సుకుమారినంట’ అని వస్తుంది. నాకు పాట మొత్తంలో ఇష్టమైన చోటు ఇదే. ‘సుకుమారి అంట’ అని లేదు, ‘సుకుమారిని అంట’ అని ఉంది. ఆ ‘ని’ నేను అనే మాటకి కట్టుబడిన ముక్క. కొండల్లాంటి రాక్షసులకి నాయకుడు, ఒక్క ‘ని’తో తానే సుకుమారి అని ఒప్పుకుంటున్నాడు, వెంటనే ‘అంట’తో పక్కకి తప్పుకుంటున్నాడు. ఇంత పని రెండే అక్షరాల్లో జరగడం మన భాషలోనే ఎంత సహజంగా ఉందో చూడండి.

ఇక్కడ ఒక సొంత సంగతి చెప్పాలి. చిన్నప్పుడు నాకు సావిత్రి అంటే ఇష్టం ఉండేది కాదు. మా అమ్మమ్మది తెనాలి దగ్గర పల్లె. సావిత్రిది చిర్రావూరు కాబట్టి ‘మన జిల్లా పిల్ల’ అనేది. టీవీలో ‘రక్తసంబంధం’, ‘మూగమనసులు’ వస్తే ఇంట్లో ఆడవాళ్లందరూ కొంగులతో కళ్లు ఒత్తుకుంటూ కూర్చునేవాళ్లు. నేను లేచి బయటికి వెళ్లిపోయేవాడిని. ఏడవడం తప్ప ఆమెకి ఏం వచ్చు అని అమ్మమ్మతో వాదించాను కూడా. ‘దేవదాసు’ చూసినా నా అభిప్రాయం మారలేదు.

2010లో ‘మాయాబజార్’కి రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. అమ్మమ్మ హాల్లో చూస్తానంటే తీసుకెళ్లాను. 1957లో పెళ్లికాని పిల్లగా చూసిందట, మళ్లీ పెద్ద తెర మీద చూడాలని ఆశ. నేను ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీ రంగారావు కోసం, పాండవులు ఒక్కరూ కనిపించకుండా నడిచే ఆ చిత్రమైన కథ కోసం కూర్చున్నాను. ఈ పాట వచ్చేసరికి అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, ‘ఒరేయ్ నాన్నా, సావిత్రిని చూడకు. లోపల రంగారావు ఉన్నాడు, వాణ్ని చూడు’ అంది.

చూశాను. సిగ్గుపడుతూ తల వంచిన పిల్ల భుజాల్లోకి చూస్తుండగానే బరువు వస్తుంది. నడక మారుతుంది. కనుబొమ్మ ఒకటి లేస్తుంది. సుశీల గొంతుతో సాగే పాట మధ్యలో ఘంటసాల గొంతు ఆమె పెదవుల మీదికి వస్తే ఎక్కడా అతికించినట్టు అనిపించదు. అప్పటిదాకా ఆ శరీరం మగవాడిదే అని ఆమె మనల్ని నమ్మించేసింది. మళ్లీ క్షణంలో పెళ్లికూతురు. రంగారావు ఆ పాటలో లేరు, అయినా ఆయన్ని చూస్తూనే ఉన్నాం.

ఇప్పుడు ఈ ‘అంట’ గురించి ఆలోచిస్తుంటే నాకు అర్థమైంది, ఆ రోజు నేను చూసింది ఈ మాటనే. ‘నా పెళ్లి’ అన్నప్పుడు ముఖంలో శశిరేఖ, ‘అంట’ అన్నప్పుడు కళ్లలో ఘటోత్కచుడు. కవి రెండు ముక్కల్లో పెట్టిన ఇద్దరినీ ఆమె ఒకే ముఖంలో చూపించింది. అర్థం చెప్పే నటులు చాలామంది ఉన్నారు. ప్రత్యయాన్ని నటించిన మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు.

ఆ రాత్రి అమ్మమ్మకి క్షమాపణ చెప్పాను. తర్వాత ‘దేవదాసు’ మళ్లీ చూశాను. పార్వతి ఏడుస్తుందని గుర్తు, కానీ ఆమె ఏడుపు ఆపుకున్న చోట్లే ఎక్కువ కనిపించాయి.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను. సొంత సంగతికి ‘అంట’ తగిలించడం సినిమా కవి కొత్తగా కనిపెట్టింది కాదు. పోతన గారి పద్యం మనందరికీ నోటికి వచ్చిందే:

పలికెడిది భాగవతమఁట
పలికించెడివాఁడు రామభద్రుండఁట నేఁ
బలికిన భవహరమగునఁట
పలికెద వేఱొండు గాథ పలుకఁగ నేలా

మూడు ‘అఁట’లున్నాయి. భాగవతం తాను పలికేదే, ఫలం తనకి దక్కేదే, అయినా ‘అఁట’ అన్నారు. గొప్పంతా ఎవరో చెప్పిన మాటగా పక్కన పెట్టేశారు. నాలుగో పాదంలో ‘పలికెద’ దగ్గర మాత్రం ‘అఁట’ లేదు. ఆ నిశ్చయం ఒక్కటే తనది. చిన్నప్పటి నుంచి వల్లిస్తున్నా ఈ తేడా నేను ఇప్పుడే గమనించాను.

మీ ఊళ్లలో ‘అంట’ అంటారా, ‘అట’ అంటారా? ‘నేను’తో కలిపి ఇంకెలా వాడతారు? చెప్పండి.

*

రాజమండ్రి నుంచి ఒక సభ్యుడు:

పద్యంలో మీరు అరసున్న వదలకుండా రాశారు, సంతోషం. ఆ అరసున్నే మీ ప్రశ్నకి సగం జవాబు. ‘అఁట’లో ఉన్న ముక్కు శబ్దం నోటి మాటలో నిండుసున్నగా నిలబడితే ‘అంట’, జారిపోతే ‘అట’. రెండూ ఒక తల్లి పిల్లలే. ‘అంట’ మోటు, ‘అట’ శుద్ధం అని కొందరంటారు, అది నేను ఒప్పుకోను. మా ఇంట్లో పెద్దవాళ్లు ‘వచ్చాడుట’, ‘చెప్పిందిట’ అనేవారు, వట్టి ‘ట’ మిగిలేది. మా పాలేరు ‘వచ్చాడంట’ అనేవాడు. పోతనకి దగ్గరగా పలికింది ఎవరో ఆలోచించండి.

వరంగల్ నుంచి ఒక సభ్యురాలు:

మా దిక్కు ‘వచ్చిండంట’, ‘పోయిందంట’ అంటం. ‘అట’ కథల్లోనే వింటం, ‘అనగనగా ఒక రాజు ఉండెనట’ అని. పోతన మా బమ్మెర ఆయనే కాబట్టి ఆ పద్యం మీద నాకు ఇంకొంచెం ప్రేమ.

గుంటూరు నుంచి ఒక సభ్యుడు:

అన్నయ్యా, మీ విశ్లేషణ బాగుంది గానీ నాకొక అభ్యంతరం. పాటలో వరసగా ‘చెల్లంట’, ‘గోలంట’ అని ప్రతి ముక్క చివరా అదే వస్తుంది. అంత్యప్రాస కోసం పట్టుకున్న మాటకి మీరు మరీ ఇంత బరువు వేస్తున్నారేమో. జానపద పాటల్లో ‘అంట’ ఊరికే వస్తూనే ఉంటుంది కదా. పైగా మీరు అసలైన మాటని వదిలేశారు. ‘నీకు నాకు చెల్లంట’ ఉంది చూడండి, పెళ్లికూతురు అనే మాటేనా అది? ‘నీకూ నాకూ చెల్లు’ అంటే లెక్క తీరిపోయింది, ఇక సంబంధం లేదు అని. బాకీ తీరాక రాయించుకునేది చెల్లుచీటీ. పెళ్లి పాటలో తెగతెంపుల మాట పెట్టారు పింగళి.

మళ్లీ నేను:

తమ్ముడూ, ‘చెల్లు’ దగ్గర నన్ను పట్టుకున్నావు. నేను వంద సార్లు పాడుకున్నాను, ఆ మాట మీద ఎప్పుడూ ఆగలేదు. చెల్లుకి ఇంకో అర్థం కూడా ఉంది, తగడం, సరిపడడం. ‘అది నీకే చెల్లింది’ అంటాం, చెల్లుబాటు అంటాం. పైకి వినేవాళ్లకి ‘మన ఇద్దరికీ సరిపోయింది’ అని, ఘటోత్కచుడి మనసులో ‘మీ కౌరవులకీ మాకూ ఇక చెల్లు’ అని. రెండూ ఉన్నాయనే నాకు అనిపిస్తోంది. ఆ పెళ్లి చివరికి ఏమవుతుందో తెలిసినవాడు పాడుతున్న పాట కదా.

ప్రాస సంగతి నిజమే. కానీ ప్రాసకి పనికొచ్చే మాటలు తెలుగులో ఎన్నో ఉన్నాయి. పది మాటల్లోంచి ఇదే ఏరుకోవడంలో ఆయన చూపు ఉందని నా నమ్మకం. ‘ఎవరూ పుట్టించకపోతే మాటలు ఎలా పుడతాయి’ అని అదే సినిమాలో ఘటోత్కచుడి చేత అనిపించిన మనిషి ఆయన. ఘటోత్కచుడి అనుచరులు ‘అసమదీయులు’ (మనవాళ్లు)కి ఎదురుగా ‘తసమదీయులు’ (పరాయివాళ్లు) అని పుట్టిస్తే బహుమతిగా వీరతాళ్లు వేయించారు. సంస్కృతంలో అస్మదీయ ఉంది, యుష్మదీయ ఉంది, తదీయ ఉంది. తస్మదీయ లేదు. లేదని తెలిసే రాశారు. ఈ రోజు పత్రికల్లో రాజకీయాల వార్తల్లో అది నిజం మాటలా తిరుగుతోంది. ఒక్కో ముక్కనీ అంతగా తడిమి చూసే కవి, పల్లవిలో మొదటి వరసకే ‘అంట’ని చూడకుండా వేస్తారా?

బెంగళూరు నుంచి ఒక సభ్యురాలు:

కన్నడంలో దీనికి సరిగ్గా ‘అంతె’ ఉంది. ‘బర్తానంతె’ అంటే వస్తాడంట. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బయట కన్నడం కాబట్టి మన ‘అంతే’కీ వాళ్ల ‘అంతె’కీ కలగాపులగం చేసేస్తారు. తమిళంలో ‘ఆం’ చేరుస్తారు, ‘వరువానాం’ అని. మన పక్కనున్న ఈ రెండు భాషల్లోనూ ఈ ముక్క ఉంది.

సావిత్రి గురించి ఒకటి చెప్పాలనిపించింది. ‘మిస్సమ్మ’ మళ్లీ చూడండి. అందులో మేరీ ఉద్యోగం కోసం ఒకరి భార్యగా నటిస్తుంది. అది కూడా ‘నేను ఫలానావాడి భార్యనంట’ అనే పాత్రే. ఆ వేషం మొదట భానుమతి గారికి అనుకున్నది, ఆమె తప్పుకున్నాక సావిత్రికి వచ్చింది. అది 1955. ఒక వేషంలో ఇంకో వేషం వేయడం అక్కడ మొదలై, రెండేళ్లకి ‘మాయాబజార్’లో పండింది అని నాకు అనిపిస్తుంది.

మళ్లీ నేను:

అమ్మా, ‘మిస్సమ్మ’ని ఈ కోణంలో ఎప్పుడూ చూడలేదు. ఆ కోపం, చిరాకు అన్నీ ‘నేను ఆ భార్యని కాను’ అని చెప్పే ‘అంట’లే. ఈ ఆదివారం చూస్తాను. అమ్మమ్మ ఉంటే పక్కన కూర్చోబెట్టుకునేవాడిని.

భోపాల్ అమ్మాయికి మీ జవాబులన్నీ చదివి వినిపించాను. ‘సుకుమారినంట’ని విడదీసి చూపిస్తే చాలాసేపు నోట్లో తిప్పుకుంటూ కూర్చుంది. ఈ రోజు పొద్దున మెసేజ్ పెట్టింది: ‘నేను నిద్రలో తెలుగు మాట్లాడుతున్నానంట. మా రూమ్మేట్ చెప్పింది.’