అప్‌డేట్: దాతలకు పంపే లేఖలు ఇప్పుడు స్పామ్‌లోకి వెళ్లడం లేదు

పల్లెల్లో పిల్లల గ్రంథాలయాలు నడిపే మా చిన్న ట్రస్టు దాతలకు పంపే నెలవారీ లేఖలు జీమెయిల్‌లో స్పామ్‌లోకి వెళ్లిపోతున్నాయని ఇక్కడ అడిగాను. సమస్య తీరింది. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మా డొమైన్ (ఇంటర్నెట్‌లో మా ట్రస్టు పేరు) డీఎన్ఎస్‌ను, అంటే ఆ పేరుకు సంబంధించిన సెట్టింగుల రికార్డులను, చూడమన్నవారి మాటే నిజమైంది.

తెలిసిన సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు ఒకరు పరిశీలించగా, మా డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డులు (మా పేరుతో మెయిల్ పంపే అనుమతి ఏ సర్వర్లకు ఉందో చెప్పేవి) రెండు ఉన్నట్టు బయటపడింది. మొదటిది రోజువారీ మెయిల్ కోసం పెట్టుకున్నది. రెండోది, అందరికీ ఒకేసారి లేఖలు పంపే సర్వీసు తీసుకున్నప్పుడు, పాతదాన్ని సవరించకుండా మేమే అదనంగా చేర్చినది. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు కనిపిస్తే, అవి విడివిడిగా సరైనవే అయినా, అందుకునే సర్వరు దాన్ని పొరపాటుగానే లెక్కిస్తుంది. రెండింటిలోని 'ఇన్‌క్లూడ్' భాగాలను (అనుమతి ఉన్న సర్వీసులను పేర్కొనేవి) ఒకే రికార్డులోకి తెచ్చి, రెండోదాన్ని తొలగించి, సర్వీసువారు ఇచ్చిన డీకిమ్ రికార్డునూ (లేఖపై ఉండే డిజిటల్ సంతకాన్ని సరిచూసుకోవడానికి పనికొచ్చేది) చేర్చాం. మర్నాడు అందిన లేఖలో 'షో ఒరిజినల్' (లేఖ సాంకేతిక వివరాలు చూపే జీమెయిల్ ఆప్షన్) తెరిస్తే, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండింటి పక్కనా 'పాస్' అని కనిపించింది.

మొదట అనుమానించిన ఫొటోలు, రశీదు పీడీఎఫ్, తెలుగు సబ్జెక్టు లైను కారణాలు కావు. వాటిని తీసేసినప్పుడు ఏ మార్పూ రాలేదు, ఇప్పుడు తిరిగి పెట్టినా లేఖలు ఇన్‌బాక్సుకే చేరుతున్నాయి. తెలుగును వదులుకోవలసిన అవసరం రాకపోవడం నాకు నిజంగా సంతోషంగా ఉంది.

జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా లేఖలు పంపేవారికి 2024 ఫిబ్రవరి నుంచి డీమార్క్ (ఈ పరీక్షల్లో తప్పిన లేఖలను ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా తప్పనిసరి. మేము పంపేవి వందల్లోనే అయినా, అదీ పెట్టుకున్నాం.